బిళ్ల తేలుతోంది గానీ కరెంటు మోయడం లేదా? 123 సూపర్ కండక్టర్‌ను ఒకే రేణువుగా పెంచే సమగ్ర మార్గదర్శి

"బిళ్ల చేశాం, దాని మీద అయస్కాంతం తేలుతోంది. కానీ కొంచెం కరెంటు పంపగానే ఓల్టేజి కనిపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాం?" ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసేవాళ్ళు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

మీరు తప్పేం చేయలేదు. పొడిని నొక్కి, 930 డిగ్రీల దగ్గర కాల్చి, ఆక్సిజన్ పట్టిస్తే వచ్చేది అంతే. ఆ బిళ్ల లక్షల చిన్న రేణువుల గుట్ట. ఒక్కో రేణువు లోపల కరెంటు బ్రహ్మాండంగా పారుతుంది, పక్క రేణువులోకి దాటేచోట ఆగిపోతుంది. రెండు రేణువుల మధ్య కోణం ఐదారు డిగ్రీలు దాటితే చాలు, ఆ సరిహద్దు బలహీనపడుతుంది. అందుకే కాల్చిన బిళ్ల 77 కెల్విన్ దగ్గర, అంటే ద్రవ నైట్రోజన్ చలిలో, చదరపు సెంటీమీటరుకు కొన్ని వందల ఆంపియర్లే మోస్తుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే అదీ పడిపోతుంది. కరిగించి ఒకే రేణువుగా పెంచిన బిళ్ల అదే చలిలో పది వేలు దాటి మోస్తుంది.

ఈ గైడ్ ఇట్రియమ్-బేరియమ్-కాపర్ ఆక్సైడ్ గురించి. చలిలో నిరోధం లేకుండా కరెంటు మోసే పదార్థం, అంటే సూపర్ కండక్టర్, అది. మనవాళ్ళు దాన్ని 123 అంటారు, ఆ మూడు లోహాలు ఆ పాళ్ళలో ఉంటాయి కనుక. దాని తోడుగా వచ్చే ఆకుపచ్చ పదార్థం 211. ఫర్నేస్ ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడ్‌లో, మామూలు గాలిలో చేసే పనికి.

1. చేతికి అందుబాటులో ఉండాల్సినవి

- 1100 డిగ్రీల వరకు వెళ్ళే ఫర్నేస్, ప్రోగ్రామ్ చేయగల కంట్రోలర్
- ఉష్ణోగ్రత కొలిచే ఎస్ లేదా ఆర్ రకం థర్మోకపుల్ (కె రకం 1000 పైన రోజుల తరబడి ఉంటే రీడింగ్ తప్పుతుంది)
- ఆరు రోజులు ఆగకుండా కరెంటు: యూపీఎస్, వెనక జనరేటర్
- మిల్లీగ్రాము తూకం, అగేట్ రోలు, జల్లెడ
- 20 మిల్లీమీటర్ల డై (అచ్చు), చేతి హైడ్రాలిక్ ప్రెస్
- నియోడిమియమ్ 123 లేదా సమారియమ్ 123 విత్తనాలు (ఇట్రియమ్ బదులు ఆ లోహం ఉన్న స్ఫటికపు ముక్కలు; బిళ్లలో స్ఫటికం పెరగడం వీటి నుంచే మొదలవుతుంది), ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్లు
- ఆక్సిజన్ సిలిండర్, ట్యూబ్ ఫర్నేస్
- ద్రవ నైట్రోజన్, హాల్ ప్రోబ్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది)

యూపీఎస్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆగస్టులో ఒకసారి, ప్రోగ్రామ్ అరవై గంటలు దాటాక, వాన పడుతుంటే కరెంటు పోయింది. పది నిమిషాల్లో వచ్చేసింది. కానీ అప్పటికే ఫర్నేస్ 40 డిగ్రీలు దిగిపోయింది. బిళ్ల బయటికి తీస్తే మధ్యలో విత్తనం నుంచి పెరిగిన చక్కటి చతురస్రం, దాని చుట్టూ బఠాణీల్లాంటి రేణువులు. మళ్ళీ మొదటి నుంచి. అప్పటి నుంచి హైదరాబాద్ వానాకాలంలో బ్యాటరీలు చెక్ చేయకుండా నేను స్టార్ట్ నొక్కలేదు.

2. ముందు ఫర్నేస్‌ను నమ్మదగినదిగా చేయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. నా లెక్కలో సగం వైఫల్యాలు ఇక్కడే పుడతాయి.

123 గాలిలో సుమారు 1010 డిగ్రీల దగ్గర విడిపోతుంది. మంచులా మొత్తంగా కరగదు. 211 గట్టి రేణువులుగా మిగులుతుంది, బేరియమ్, రాగి ఎక్కువగా ఉన్న ద్రవం వాటి చుట్టూ చేరుతుంది, కొంత ఆక్సిజన్ బయటికి పోతుంది. చల్లబరిస్తే ఇవన్నీ కలిసి మళ్ళీ 123 అవుతాయి. మనం నడిపేదంతా ఆ 1010 గీతకు అటూ ఇటూ ముప్పై అయిదు డిగ్రీల్లోనే. కంట్రోలర్ 1045 చూపిస్తూ లోపల 1057 ఉంటే సమారియమ్ విత్తనం కరిగిపోతుంది. అది సుమారు 1054 దగ్గరే విడిపోతుంది మరి.

పరీక్ష ఇలా చేయండి:

- బిళ్ల పెట్టబోయే చోటే, చిన్న అల్యూమినా పలక మీద 24 క్యారట్ బంగారు తీగ ముక్క పెట్టండి. గోరుకొన అంత చాలు.
- కంట్రోలర్‌ను 1052కు తీసుకెళ్ళి పావుగంట ఉంచి, చల్లార్చి చూడండి.
- కరగకపోతే మూడేసి డిగ్రీలు పెంచుతూ మళ్ళీ చేయండి.
- తీగ ముత్యంలా గుండ్రబడిన చోట అసలు ఉష్ణోగ్రత 1064. కంట్రోలర్ అప్పుడు చూపిన అంకెకూ దీనికీ ఉన్న తేడాయే మీ సవరణ.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో తీగ అడిగేటప్పుడు 24 క్యారట్ అని గట్టిగా చెప్పండి. నగల బంగారం 22 క్యారట్. అందులో కలిపిన రాగి, వెండి వల్ల అది ముందే కరిగి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

తర్వాత రెండో థర్మోకపుల్‌తో ఫర్నేస్ లోపల సెంటీమీటరు చొప్పున జరుపుతూ కొలవండి. బిళ్ల పట్టేంత జాగాలో తేడా రెండు డిగ్రీలకు మించకూడదు. ఒక అంచు చల్లగా ఉంటే విత్తనం కన్నా ముందు ఆ అంచే మొలకెత్తుతుంది. పైభాగం, అంటే విత్తనం వైపు, కింది కన్నా ఒక డిగ్రీ చల్లగా ఉంటే మాత్రం అది మనకు మేలే.

3. పొడులు: తూకం, కాల్పు, మళ్ళీ తూకం

ఇట్రియమ్ ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. తూచే ముందు 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చండి. తేమ పట్టినదాన్ని తూస్తే నీళ్ళకు కూడా లెక్క కట్టినట్టే.

100 గ్రాముల మిశ్రమానికి పాళ్ళు:

- 123 కోసం: ఇట్రియమ్ ఆక్సైడ్ 15.13 గ్రాములు, బేరియమ్ కార్బొనేట్ 52.89, కాపర్ ఆక్సైడ్ 31.98
- 211 కోసం: ఇట్రియమ్ ఆక్సైడ్ 44.92 గ్రాములు, బేరియమ్ కార్బొనేట్ 39.26, కాపర్ ఆక్సైడ్ 15.82

123 మిశ్రమాన్ని 900 నుంచి 930 డిగ్రీల మధ్య, 211 మిశ్రమాన్ని 950 దగ్గర, ఒక్కో దఫా 20 గంటల పైన కాల్చండి. మూడు దఫాలు. ప్రతి దఫా మధ్య రోట్లో అరగంటకు తగ్గకుండా నూరాలి. చేతులు నొప్పి పుడతాయి, తప్పదు.

ఎక్స్-రే పరీక్షకు క్యూ పెద్దదైతే తూకమే మీ కన్ను. కార్బొనేట్ నుంచి వాయువు మొత్తం పోతే 100 గ్రాముల 123 మిశ్రమం 88, 89 గ్రాముల మధ్యకు వస్తుంది. 211 అయితే 91.2 దగ్గర ఆగుతుంది. 123 ఇంకా 92 చూపిస్తుంటే లోపల కార్బొనేట్ మిగిలే ఉంది. అలాంటి పొడి తర్వాత ద్రవంలో బుడగలు తెస్తుంది, బిళ్ల ఉబ్బుతుంది.

రంగు కూడా చెబుతుంది. 123 నల్లగా, 211 పచ్చగా ఉండాలి. నల్లపొడిలో ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే మరో దఫా కాల్చండి.

జాగ్రత్త: బేరియమ్ కార్బొనేట్ ఒకప్పుడు ఎలుకల మందుగా వాడిన పదార్థం. మాస్కు, చేతి తొడుగులు లేకుండా తూచవద్దు. ఆ బల్ల దగ్గర టీ గ్లాసు ఉండకూడదు.

4. కలపడం, నొక్కడం

నేను వాడే పాళ్ళు: 123 పొడి 75 గ్రాములు, 211 పొడి 25 గ్రాములు, సీరియమ్ ఆక్సైడ్ 1 గ్రాము. సీరియమ్ బదులు ప్లాటినమ్ పొడి అర గ్రాము వేయవచ్చు, ధర చూస్తే ఎవరికైనా సీరియమే గుర్తొస్తుంది.

అదనంగా 211 ఎందుకు? పెరిగిన 123 లోపల ఈ పచ్చ రేణువులు సన్నగా చెల్లాచెదురుగా ఉండిపోతాయి. అయస్కాంత క్షేత్రం బిళ్లలోకి సన్నని గొట్టాల్లా దూరుతుంది. కరెంటు పారేటప్పుడు ఆ గొట్టాలు జరగాలని చూస్తాయి, జరిగితే ఓల్టేజి పుడుతుంది. 211 రేణువుల అంచులు వాటిని జరగకుండా పట్టి ఉంచుతాయి. రేణువు ఎంత సన్నగా ఉంటే అంచు అంత ఎక్కువ, పట్టు అంత ఎక్కువ. ద్రవంలో అవి లావెక్కకుండా చూడటమే సీరియమ్ పని. అలాగని ఎక్కువ వేయకండి. అది బేరియమ్‌తో కలిసి వేరే పదార్థమై ద్రవం పాళ్ళను చెడగొడుతుంది.

నొక్కడానికి:

- 20 మిల్లీమీటర్ల డైలో 15 గ్రాములు పోయండి, అటూ ఇటూ తట్టి సమం చేయండి.
- 3 టన్నుల దగ్గర రెండు నిమిషాలు ఉంచండి.
- ఒత్తిడిని ఒక్కసారిగా వదలకండి. పొరలు పొరలుగా విడిపోతుంది.
- బిళ్లను కాగితం మీద పెట్టండి, నూనె చేతులు తగలనీయకండి.

5. కింద పీట, పైన విత్తనం

ఆ ద్రవం దొరికినదల్లా తినేస్తుంది. అల్యూమినా పలక మీద నేరుగా పెడితే పలక కరుగుతుంది, అల్యూమినియం బిళ్లలోకి పాకుతుంది, బిళ్ల పలకకు అతుక్కుపోతుంది. మధ్యలో ఇట్రియమ్ ఆక్సైడ్ లేదా ఇటర్బియమ్ ఆక్సైడ్ పొడి పలచగా పరచి, దాని మీద బిళ్ల పెట్టండి. డబ్బులుంటే మెగ్నీషియమ్ ఆక్సైడ్ స్ఫటికపు చిన్న ముక్కలు మూడు, పొయ్యి రాళ్ళలా పెట్టవచ్చు.

విత్తనాన్ని బిళ్ల పైముఖం నడిమధ్యలో పెట్టాలి. దాని చదునైన, అద్దంలా మెరిసే పగులు ముఖం కిందికి ఉండాలి. ఆ ముఖం ఏ దిశను చూస్తే మొత్తం బిళ్లలో స్ఫటికం ఆ దిశలోనే అమరుతుంది. కరెంటు బాగా పారేది ఆ ముఖానికి సమాంతరంగా ఉన్న పొరల్లోనే. విత్తనం వంకరగా కూర్చుంటే బిళ్లంతా ఆ వంకరే.

నియోడిమియమ్ విత్తనం సుమారు 1068 దాకా నిలుస్తుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళు దాన్నే తీసుకోండి. ఫర్నేస్ మీద పూర్తి నమ్మకం కుదిరాక సమారియమ్ జోలికి వెళ్ళవచ్చు.

6. అసలు కాల్పు

పైన చెప్పిన 20 మిల్లీమీటర్ల బిళ్లకు ప్రోగ్రామ్:

- గది వేడి నుంచి 1045 వరకు: గంటకు 100 డిగ్రీలు
- 1045 దగ్గర: ఒక గంట
- 1045 నుంచి 1015: అరగంటలో
- 1015 నుంచి 975: 100 గంటల్లో, అంటే గంటకు 0.4 డిగ్రీ
- 975 నుంచి గది వేడికి: గంటకు 80 డిగ్రీలు

మొత్తం ఐదు రోజుల పైమాటే.

కొన్ని కంట్రోలర్లు గంటకు ఒక డిగ్రీ కన్నా తక్కువ వేగాన్ని తీసుకోవు. అప్పుడు వేగం బదులు "ఇంత సమయంలో ఇంత ఉష్ణోగ్రత" అనే పద్ధతిలో ఇవ్వండి. అదీ కుదరకపోతే రెండున్నర గంటలకు ఒక డిగ్రీ చొప్పున మెట్లు కట్టండి. బిళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు.

1045 దగ్గర గంట అన్నాను కదా, "ఇంకొంచెం బాగా కరగనీ" అని మూడు గంటలు ఉంచకండి. 211 రేణువులు లావెక్కుతాయి, ద్రవం కిందికి కారిపోతుంది. అలాగే నెమ్మదిగా చల్లార్చే దశను తొందరపెట్టకండి. గంటకు 2 డిగ్రీలు దించితే పెరిగే అంచు ముందుకు రాకముందే మిగతాచోట్ల కొత్త రేణువులు పుడతాయి. ఈ వంద గంటలూ ఫర్నేస్ తలుపు తీయడం, పీఐడీ విలువలు (కంట్రోలర్ సెట్టింగులు) మార్చడం, పక్కనే వెల్డింగ్ పెట్టడం ఏవీ వద్దు. టెన్షన్ ఉంటుంది, తెలుసు. గ్రాఫ్ చూసుకుంటూ కూర్చోండి.

తీశాక పైముఖం చూడండి. విత్తనం నాలుగు మూలల నుంచి అంచుల దాకా గుణకారం గుర్తులా నాలుగు గీతలు వెళ్ళాలి. అవి నాలుగూ తెగకుండా అంచు చేరితే పైముఖం వరకు ఒకే రేణువు. బిళ్ల వ్యాసం 17 మిల్లీమీటర్ల దాకా కుదించుకుపోవడం మామూలే.

7. రెండో దారి: ద్రవాన్ని పీల్పించడం

ఆ కుదింపు, లోపలి బొక్కలు, కారిపోయే ద్రవం మిమ్మల్ని విసిగిస్తే ఇన్‌ఫిల్ట్రేషన్ పద్ధతికి మారండి. ఇది మన ఊళ్ళో బాగా సానబట్టిన పద్ధతి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కంచన్‌బాగ్‌లోని డీఎమ్ఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల) పరిశోధకులు కలిసి దీని మీద చాలా పని చేశారు.

ఇందులో పెంచబోయే బిళ్లలో 123 పొడి వేయరు. కేవలం 211తో బిళ్ల నొక్కి, దాని కింద ద్రవాన్నిచ్చే బిళ్ల పెడతారు. 123 పొడి, మూడు బేరియమ్‌లకు ఐదు రాగి పాళ్ళలో చేసిన పొడి సమాన బరువుల్లో కలిపి ఈ రెండో బిళ్ల నొక్కుతారు. వేడెక్కాక ప్రమిదలో వత్తి నూనె పీల్చుకున్నట్టు పైబిళ్ల ద్రవాన్ని పీల్చుకుంటుంది. తర్వాతి చల్లార్పు ఆరో మెట్టులాగే.

- కింది బిళ్ల బరువు పైబిళ్ల కన్నా తక్కువ ఉండకూడదు.
- అన్నిటికంటే కింద ఇట్రియమ్ ఆక్సైడ్ పలక తప్పనిసరి.
- 211 బిళ్లను ఎంత ఒత్తిడితో నొక్కారన్నది రాసి పెట్టుకోండి. ఈ పద్ధతిలో బిళ్ల దాదాపు కుదించుకోదు కాబట్టి చివర్లో ఎంత 211 మిగలాలో నిర్ణయించేది ఆ ఒత్తిడే.

ఆకారం చెడదు, బొక్కలు తక్కువ, 211 సన్నగా మిగులుతుంది. రింగు, గొట్టం లాంటి ఆకారాలు కావాలంటే నేనైతే ఇంకో ఆలోచన లేకుండా ఇదే చేస్తాను.

8. ఆక్సిజన్: ఇక్కడ ఓపికే పని

ఫర్నేస్ నుంచి తీసిన బిళ్లను అలాగే ద్రవ నైట్రోజన్‌లో వేసి "పని చేయలేదు" అని దిగులుపడేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. దానికి ఇంకా సరిపడా ఆక్సిజన్ అందలేదు.

- ట్యూబ్ ఫర్నేస్‌లో పెట్టి, ఆక్సిజన్ నెమ్మదిగా పారేలా చేయండి. నీటి సీసాలో సెకనుకు ఒక బుడగ సరిపోతుంది.
- గంటకు 50 డిగ్రీలతో 450కి తీసుకెళ్ళండి.
- 450 నుంచి 400కి 150 గంటల్లో దించండి, తర్వాత మెల్లగా గది వేడికి.

వేడి పెంచితే త్వరగా అవుతుంది కదా అనిపిస్తుంది. 600 దగ్గర ఆక్సిజన్ త్వరగా దూరుతుంది గానీ తక్కువే నిలుస్తుంది. 300 దగ్గర ఎక్కువ నిలవగలదు, కానీ దూరడానికి నెలలు పడుతుంది. 400 నుంచి 450 అందుకే.

బిళ్లను ముందూ వెనకా తూచండి. మరో 50 గంటలు ఉంచితే బరువు ఇంకా పెరిగిందంటే మొదటిసారి నిండలేదన్నమాట. ఇన్‌ఫిల్ట్రేషన్ బిళ్లల్లో బొక్కలు తక్కువ కనుక వాటికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు ఎప్పుడూ రాయవద్దు. మంటలు లేస్తాయి.

9. ఎంత కరెంటు మోస్తోందో కొలవడం

నేరుగా కరెంటు పంపి కొలవాలని అందరికీ ఉబలాటం. లెక్క వేయండి: చదరపు సెంటీమీటరుకు 10,000 ఆంపియర్లు మోసే పదార్థంలో మిల్లీమీటరు మందం, మిల్లీమీటరు వెడల్పు కడ్డీకి 100 ఆంపియర్లు కావాలి. అతుకు నిరోధం ఒక్క మిల్లీఓమ్ ఉన్నా అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. కడ్డీ చావదు, అతుకు కాలుతుంది. మీరు కొలిచింది మీ అతుకునే. తప్పదంటే కడ్డీ మధ్యభాగాన్ని సన్నగా అరగదీయండి, వెండి పేస్టు రాసి ఆక్సిజన్‌లో కాల్చి అతుకులు చేయండి, సెంటీమీటరుకు ఒక మైక్రోఓల్టు వచ్చిన చోటు పరిమితిగా తీసుకోండి.

నేను ముందు చేసేది హాల్ ప్రోబ్ మ్యాప్. బిళ్లను బలమైన అయస్కాంతం ఎదుట ఉంచి చల్లార్చి, అయస్కాంతం తీసేసి, ముఖం మీద మిల్లీమీటరు చొప్పున కొలవండి. ఒకే శిఖరం, శంకువులా ఉంటే బిళ్ల ఒకటే. రెండు శిఖరాలు, లేదా ఒక పక్క లోయ కనిపిస్తే పగులో, రెండో రేణువో ఉంది. సరిపడా బలమైన క్షేత్రంలో చల్లార్చినప్పుడు, ఈ సైజు బిళ్ల 77 కెల్విన్ దగ్గర అర టెస్లా అటూ ఇటూగా పట్టుకుంటే మొదటి ప్రయత్నానికి అది మంచి ఫలితం.

మూడోది, చిన్న ముక్క కోసి మాగ్నెటోమీటర్‌లో (అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రంలో) పెట్టి, క్షేత్రాన్ని పెంచి తగ్గించడం. వచ్చిన లూప్ వెడల్పును 20తో గుణించి, దాన్ని "చిన్న భుజం × (1 − చిన్న భుజం ÷ మూడు రెట్ల పెద్ద భుజం)" అనే విలువతో భాగించండి. లూప్ వెడల్పు ఘన సెంటీమీటరుకు ఈఎమ్‌యూలలో (అయస్కాంతత్వపు ప్రమాణం), భుజాలు సెంటీమీటర్లలో ఉండాలి. రెండు భుజాలూ 0.2 సెంటీమీటర్లు, వెడల్పు 200 అయితే చదరపు సెంటీమీటరుకు 30,000 ఆంపియర్లు వస్తుంది. ముక్క విత్తనం కింద నుంచి కోశారా, అంచు నుంచా అన్నది రాయని అంకెకు విలువ లేదు. ఒకే బిళ్లలో ఈ రెండూ వేర్వేరుగా వస్తాయి.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అందువల్ల ఇక్కడ ద్రవ నైట్రోజన్ 77.4 కాక 76.8 కెల్విన్ దగ్గర మరుగుతుంది. చెన్నై మిత్రుడి అంకెతో మీ అంకె పోల్చి గర్వపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

నైట్రోజన్ డబ్బాను తలుపులు మూసిన ఏసీ గదిలో ఉంచకండి, దానితో లిఫ్టులో మనుషులు ఎక్కకండి. గదిలో ఆక్సిజన్ తగ్గినా ముక్కుకు తెలియదు.

10. తప్పులు, వాటికి మందు

విత్తనం మాయమైంది: వేడి ఎక్కువైంది. రెండో మెట్టుకు వెళ్ళండి, లేదా గరిష్ఠాన్ని 5 డిగ్రీలు దించండి.

విత్తనం ఉంది గానీ దాని కింద ఏమీ పెరగలేదు: విత్తనం ముఖం మురికిగా ఉంది, లేదా బిళ్ల పైముఖం సమంగా లేదు. కొత్తగా పగలగొట్టిన ముఖం వాడండి.

చతురస్రం సగంలో ఆగి చుట్టూ రేణువులు: చల్లార్చే వేగం ఎక్కువ, లేదా అంచు చల్లన. ముందు వేగాన్ని గంటకు 0.3కు దించి చూడండి.

అడుగు నుంచి మొలకెత్తింది: కింద పరచిన పొడి పలచబడి బిళ్ల పలకను తాకింది.

ద్రవం కారి బిళ్ల ఎండిపోయింది: పారేయకండి. దాని కింద ద్రవాన్నిచ్చే బిళ్ల పెట్టి మళ్ళీ నింపి, కొత్త విత్తనంతో పెంచవచ్చు.

నైట్రోజన్‌లో వేయగానే పగిలింది: ఒక్కసారిగా ముంచారు. ముందు పది నిమిషాలు ఆవిరిలో వేలాడదీయండి. పగుళ్ళు మరీ బాధపెడితే పొడిలో పది శాతం సిల్వర్ ఆక్సైడ్ కలపండి. కానీ వెండి కలిస్తే 123 విడిపోయే ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీల దాకా దిగుతుంది, ఆరో మెట్టు ప్రోగ్రామ్ మొత్తం కిందికి జరపాలి. ఎక్కువ క్షేత్రంలో వాడే బిళ్లలకు వాక్యూమ్‌లో ఎపాక్సీ రెజిన్ పీల్పించడం మరో ఉపాయం. 2003లో జపాన్ పరిశోధకులు 29 కెల్విన్ దగ్గర 17.24 టెస్లా పట్టించింది అలా బలపరిచిన బిళ్లల్లోనే.

నెల తర్వాత బిళ్ల తెల్లగా బూజు పట్టినట్టుంది: అది బూజు కాదు. తేమతో, గాలితో కలిసి బేరియమ్ బయటికి వచ్చి కార్బొనేట్ అయింది. పైపొరను పొడి ఎమరీ కాగితంతో గీకండి, నీళ్ళు వాడకండి. కొలత అయిన ప్రతిసారీ బిళ్ల మీద మంచు పట్టకముందే హెయిర్ డ్రయ్యర్ చల్లగాలిలో ఆరబెట్టి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో వేయండి. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారగానే వేడిచేసి మళ్ళీ నీలం చేయండి. జులై నుంచి సెప్టెంబరు దాకా నేను వారానికోసారి చేస్తాను.